ఏడు పాయింట్ రెండు

ఫారంలో మొదటి గడి: ఏం జరిగింది?
ఎవరు చేశారు అనే గడి కోసం వెతికాను. లేదు.

జరిగింది ఇది.
దక్షిణ దీవిలో ఉదయం తొమ్మిది పదికి
హ్యాల్మార్ మోచేతి మడతలోంచి నెత్తురు తీశారు.
గాలి ముదిరి మధ్యాహ్నం దాకా పడవ కదల్లేదు.
ఆరోగ్య కేంద్రంలో మార్యున్, ఇరవై రెండేళ్ల పిల్ల,
పాడవకూడదని గొట్టాలు తీసి ఫ్రిజ్‌లో పెట్టింది.
తప్పేముంది? చేపలు పట్టి బతికే దీవులివి.
కాడ్ చేపనీ, గొర్రె తొడనీ,
ఆఖరికి చచ్చినవాణ్ణి కూడా పాస్టరు వచ్చేదాకా
చలే కాపాడుతుంది ఇక్కడ.
నెత్తురొక్కటే ఆ మాట వినదు.
చల్లబడితే కణం కాపలా మానేస్తుంది.
లోపలి పొటాషియం బయటికి నడిచొస్తుంది
చప్పుడు లేకుండా, రంగు మారకుండా.

కణం పగిలి ఉంటే పైతేట ఎర్రబడేది, పట్టేసేదాన్ని.
ఇరవై ఆరేళ్లుగా పడుతూనే ఉన్నాను.
ఆ రోజు అది ఎండుగడ్డి రంగులో
దీపానికి పెడితే అవతలి వేలు కనబడేంత తేటగా ఉంది.

ఏడు పాయింట్ రెండు.
గుండెను ఆపగల అంకె.
నియమం ప్రకారం ఐదు నిమిషాల్లో ఫోన్ చేశాను,
డాక్టరు చేత తిరిగి చెప్పించుకున్నాను.
"ఏడు పాయింట్ రెండు."
"అవును."
ఎంత స్పష్టంగా పలికామో ఇద్దరం!
పొరపాటును పొల్లు పోకుండా అప్పగించాను.

తీసిన వేళ తొమ్మిది పది. అందిన వేళ నాలుగు నలభై.
ఒకే కాగితం మీద, ఒకదాని కింద ఒకటి.
చూశాను.
చూడలేదని రాసుకోవడానికి ఫారంలో వీలుంది.

ఇన్సులిన్ ఎక్కించారు.
లేని ఎత్తును దించబోతే ఉన్న నేల కుంగింది.
ఆ రాత్రి టోర్షావ్న్ మీద హెలికాప్టర్ చప్పుడు విని
ఎవరో పాపం అనుకుని పక్కకు తిరిగి పడుకున్నాను.

"కారణం" గడిలో పదకొండు ఎంపికలు.
మూడోది నొక్కితే చాలన్నాడు బైనిర్, నాణ్యత విభాగం.
పరీక్షకు ముందు దశ. నమూనా నిల్వ.
ఖాళీ చోట నా పేరు రాశాను. తీసేశాడు.
"పేర్లు వద్దు రన్వా. పేర్లు రాయమంటే
రేపటి నుంచి ఎవరూ ఏమీ రాయరు.
నిందించడానికి కాదు, నేర్చుకోవడానికి ఇది."
నిజమే. మంచివాడు. మార్యున్ పేరు కూడా అలాగే తీసేశాడు,
ఆ పిల్ల ఉద్యోగం అందువల్లే నిలిచింది.
కానీ చివరికి తెర మీద మిగిలిన వాక్యం చూశాను:
నమూనా చల్లబరచబడినది, ఫలితం తెలియజేయబడినది,
రోగికి తాత్కాలిక హాని కలిగినది.
అన్నీ వాటంతటవే. వాన కురిసినట్టు.

సంవత్సరాంతపు నివేదికలో అది ఒక నీలం కడ్డీ.
పక్క కడ్డీ కన్నా గోరంత పొడవు.
పడవ పెట్టెల మీద ఇప్పుడు ఎర్ర చీటీ ఉంది:
చల్లబెట్టకండి. మార్యున్ చేతిరాత.
ఆ చీటీ కడ్డీ కన్నా మేలు.

మార్చిలో హ్యాల్మార్ వచ్చాడు, తిరుగు పరీక్షకి.
ఉన్ని టోపీ చేతిలో నలుపుతూ అడిగాడు:
"యంత్రం తప్పు చూపించిందట కదా. ఏదది?"
సాంకేతిక కారణం అని చెప్పారట వార్డులో.
తీసుకెళ్లి చూపించాను.
గేదెంత యంత్రం, బూడిద రంగు, గుర్రుమంటోంది.
ఇంజన్ గదిలో ముప్పై ఏళ్లు పనిచేసినవాడు,
దాని పక్కన అరచెయ్యి ఆనించి కాసేపు విన్నాడు.
"బాగానే నడుస్తోందే" అన్నాడు.

"బాగానే నడుస్తుంది," అన్నాను.
"ఆ రోజూ అది అబద్ధం చెప్పలేదు.
ఆ గొట్టంలో నిజంగానే ఏడు పాయింట్ రెండు ఉంది.
మీలో లేదు.
ఆ తేడా అడగవలసినది నేను."

ఏమీ అనలేదు. టోపీ పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు.
చొక్కా చెయ్యి పైకి మడిచి
కుర్చీలో కూర్చున్నాడు.